నాలుగు మిల్లీమీటర్లు

మా ల్యాబ్‌లో ప్లేట్ల పిన్నికి కుర్చీ లేదు. ఇరవై ఎనిమిదేళ్లుగా లేదు. అడిగితే ఇచ్చేవారేమో, ఆవిడ అడగలేదు. "కూర్చుంటే ఫ్లాస్కులో అగర్ గడ్డకడుతుంది, దాంతోపాటు నేనూ గడ్డకడతాను" అనేది. ఉద్యోగ కాగితాల్లో ఆవిడ హోదా 'గాజు సామాను శుభ్రపరిచే సిబ్బంది'. ఆ మాట రాసినవాడెవడో గానీ, వాడు ఒక్క పూట కూడా మా గదిలో నిలబడి ఉండడు. కడగడం ఆవిడకు మధ్యాహ్నం పని. పొద్దున పని వంట. మనుషులు తినే వంట కాదు, క్రిములకు పెట్టే వంట, చల్లారితే గడ్డకట్టే అగర్ అనే జావ.

మాది రెండు కిటికీల ల్యాబ్. వీధి వైపు కిటికీలోంచి మనుషుల ఆసుపత్రి నుంచి రక్తం, మలం, చీము వస్తాయి. వెనక సందు వైపు కిటికీలోంచి పశువుల ఆసుపత్రి నుంచి పేడ, పాలు, చచ్చిన దూడల పేగుముక్కలు వస్తాయి. లోపలికి వచ్చాక అన్నింటికీ ఒకటే బల్ల, ఒకటే పొయ్యి, ఒకే పిన్ని. ఇది మనిషి ఒళ్లు, ఇది పశువు ఒళ్లు అన్న పట్టింపు క్రిములకు లేదు. అలాంటి పట్టింపులు పిన్నికీ లేవు. పెద్ద డాక్టర్నీ, పేడ డబ్బా తెచ్చిన మనిషినీ ఒకే గొంతుతో కసిరేది.

నేను ఆ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. జుట్టు సగం నెరిసినా పిన్నికి 'అబ్బాయ్'నే. క్రిమిని పెంచి, దాని పేరు కనుక్కోవడం నా పని. సాల్మొనెల్లా అంటే ఇంటిపేరు మాత్రమే. ఆ ఇంటిపేరుతో రెండున్నర వేల పైచిలుకు రకాలున్నాయి, ఒక్కో రకాన్నీ సీరోటైపు అంటాం. గాజు పలక మీద క్రిమి ఒక చుక్క, సీరం అనే పరీక్ష ద్రవం ఒక చుక్క వేసి ఊపితే, సరైన సీరం తగిలినప్పుడు అది విరిగిన పాలలా గింజలు కడుతుంది. అప్పుడు దాని సొంత పేరు తెలిసినట్టు.

పేరు తెలిశాక, ఏ మందుకు లొంగుతుందో చూడాలి. మూతున్న గుండ్రటి గాజు ప్లేటులో గట్టిపడిన అగర్ మీద క్రిమిని పరిచి, మందు పట్టించిన చిన్న కాగితపు బిళ్లలు పెట్టి, మర్నాటిదాకా వెచ్చగా ఉంచుతాం. లొంగితే బిళ్ల చుట్టూ క్రిమి పెరగదు, గుండ్రంగా ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని స్కేలుతో కొలిచి పుస్తకంలో రాస్తాను. మా దగ్గర ఎక్కువగా వాడిన పాత మందుకు పదిహేడు మిల్లీమీటర్లు వస్తే వాడొచ్చు. అంతకు తగ్గితే దాన్ని నమ్ముకోకూడదు. నేను రాసిన అంకెను చూసి డాక్టర్లు మందు రాస్తారు.

నా అంకె నిలబడేది పిన్ని పోత మీద. ప్లేటులో అగర్ సరిగ్గా నాలుగు మిల్లీమీటర్లు ఉండాలి. దళసరిగా పోస్తే మందు కిందికి ఇంకిపోయి ఖాళీ చిన్నదవుతుంది. పలచగా పోస్తే మందు పక్కలకు పాకి ఖాళీ పెద్దదవుతుంది. అప్పుడు లొంగని క్రిమి కూడా లొంగినట్టే కనిపిస్తుంది. పిన్ని కొలత గ్లాసు పట్టగా నేను చూడలేదు. ఫ్లాస్కు మూతిని మంట మీద తిప్పి, ఎడమచేత్తో మూత ఎత్తి, ఒక్క ఊపులో పోసి, వేలితో ప్లేటును ఒక్కసారి తట్టి వదిలేసేది. ఒక ఫ్లాస్కుకు ఇరవై ప్లేట్లు. చల్లారాక వరసలోంచి ఒకదాన్ని తీసి, అగర్‌ను నిలువునా కోసి, అంచును స్టీలు స్కేలుతో కొలిచేది. "ఒకదాన్ని కోసి చూపిస్తే మిగతావి మాట వింటాయి" అనేది. నాలుగు రాకపోతే వాయి మొత్తం పారబోసేది. అందరూ చూస్తుండగా పారబోసి, తనను తానే తిట్టుకునేది. నేను చూసినంతలో అలా రెండుసార్లే జరిగింది.

ఆవిడ భర్త ఒకప్పుడు మా ఆటోక్లేవ్ నడిపేవాడు. అంటే ఆవిరితో సామానంతా ఉడికించి క్రిముల్ని చంపే పెద్ద డ్రమ్ము. ముప్పై ఏళ్లు దాని ఈలలు విని ఆయనకు చెవులు పోయాయి. "ఆయనైనా, ఈ డ్రమ్మయినా ఒకటే. ఉడుకు తగ్గేదాకా మూత జోలికి వెళ్లకూడదు" అని పిన్ని నవ్వేది. ఇంట్లో గట్టిగా అరిచి అరిచి ఆవిడ గొంతు పెద్దదైపోయింది. రహస్యం అనే మాట ఆవిడకు చేతకాదు. మా ల్యాబ్‌లో గోడలకు చెవులు అక్కర్లేదు, పిన్ని ఉంది కదా అనుకునేవాళ్లం.

ఆ ఏడాది వేసవిలో పౌడర్ రావడం బాగా తగ్గిపోయింది. అగర్ వండే పౌడర్ అది. శాంపిళ్లు మాత్రం తగ్గలేదు, రెండింతలయ్యాయి. కొత్తగా వచ్చిన ఆఫీసర్ మంచివాడే. పని జరగాలన్న తపన ఉన్నవాడు. తపన ఉండి పని తెలియనివాడితోనే చిక్కు. పిన్ని పోస్తుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఒక ఫ్లాస్కుకు ఎన్ని వస్తాయమ్మా?"

"ఇరవై సార్."

"ముప్పై చెయ్యి. కాస్త పలచగా పొయ్యి. అడుగు కప్పితే చాలుగా."

"అడుగు తడపడానికైతే నేనెందుకు సార్? కిటికీ తెరవండి, వాన తడుపుతుంది."

నేను నవ్వు ఆపుకున్నాను. ఆయన ఆపుకోలేదు, నవ్వేసి, "కొన్నాళ్లే అమ్మా. శాంపిళ్లు తిప్పి పంపడం కన్నా నయం కదా" అన్నాడు.

"కాదు సార్. తిప్పి పంపితే తెలీదని చెప్పినట్టు. పలచటి ప్లేటు మీద చూస్తే అబద్ధం చెప్పినట్టు. ఇరవైకి ఇరవై ఒకటి కూడా నేను పొయ్యను."

"ఇది ఆర్డర్ అమ్మా."

"ఆర్డర్ కాగితం మీద ఉంటుంది సార్. ఫ్లాస్కు నా చేతిలో ఉంది."

మర్నాడు ఫ్లాస్కు ఆవిడ చేతిలో లేదు. ఆవిడ పోత పొయ్యకూడదని గోడకు మెమో అంటించి, పిన్నిని పూర్తిగా కడిగే గదికి పంపేశారు. పోత పనిని స్టోరు చూసే ఆయనకు అప్పగించారు. పాపం, ఆయన ముప్పై పొయ్యమంటే ముప్పై పోశాడు. ఒక్కటీ కోసి చూడలేదు. చూడాలని ఆయనకెవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేను. నేనేం చేశానంటే, నా కడుపులో చల్ల కదలకుండా కూర్చున్నాను.

ఇంతకన్నా సిగ్గుపడాల్సింది ఇంకోటుంది, అదీ చెప్పేస్తాను. మా దగ్గర ఒక కొలబద్ద క్రిమి ఉంటుంది. దాని గుణం అందరికీ తెలిసిందే. వారానికోసారి దాన్ని పరీక్షకు పెడతాం. పాత మందుకు దాని ఖాళీ పదిహేనుకూ ఇరవై రెండుకూ మధ్య రావాలి. రాకపోతే ఆ వారం రిపోర్టులన్నీ ఆపెయ్యాలి. పలచటి ప్లేట్లు వచ్చిన మొదటి వారం నా స్కేలు ఇరవై అయిదు చూపించింది. బిళ్లలు కొత్తవి కదా, అందుకేనేమో అనుకున్నాను. పుస్తకంలో ఇరవై రెండు అని రాశాను. రెండో వారం ఏమీ అనుకోలేదు, ఉత్తినే ఇరవై రెండు రాశాను. అలా నాలుగు నెలలు రాశాను. కింద సంతకం కూడా పెట్టాను, వంకర లేకుండా.

నాలుగు నెలలు తిరిగేసరికి మా అంకెలు మహా అందంగా తయారయ్యాయి. మొండికేసిన క్రిములు మళ్లీ లొంగుతున్నాయని ఆఫీసర్ నివేదిక రాశాడు. ఒకటో తేదీ నుంచి పిల్లల వార్డులోనూ, దూడల కొట్టాల్లోనూ మొదట పాత మందే వాడాలని ఉత్తర్వు సిద్ధం చేశాడు. దాని మీద సంతకాల కోసం గురువారం సమావేశం పెట్టాడు.

ఆ గురువారానికి పది రోజుల ముందు దూడల కాపరి ఒకతను వెనక కిటికీ దగ్గరకు పేడ డబ్బా తెచ్చాడు. కొట్టంలో దూడలు పారుకుంటున్నాయన్నాడు. మర్నాడు అతనే వీధి కిటికీ దగ్గర రక్తం సీసా పట్టుకుని కనిపించాడు.

"ఇదేంటయ్యా, ఇవాళ ఇటొచ్చావు?" అన్నాను.

"నిన్న దూడది సార్. ఇవాళ నా కూతురిది" అన్నాడు. తొమ్మిది నెలల పిల్లట. జ్వరం దిగడం లేదట.

రెండింట్లోనూ సాల్మొనెల్లాయే పెరిగింది. గాజు పలక మీద రెండూ ఒకే సీరంతో గింజలు కట్టాయి. ఒకే సీరోటైపు. ప్లేటు మీద పాత మందుకు పాప క్రిమి సరిగ్గా పదిహేడు చూపించింది. 'వాడవచ్చు' అని రాసి పంపాను. శనివారం నుంచి పాపకు పాత మందు ఎక్కిస్తున్నారు. సోమవారం కాపరి వచ్చి, జ్వరం తగ్గలేదు, ఇంకోసారి చూడండి సార్ అన్నాడు. మంగళవారం మళ్లీ వచ్చాడు. "చూశానయ్యా, మందు పనిచేస్తుంది. కాస్త ఓపిక పట్టు" అని కిటికీ వేసేశాను.

బుధవారం పొద్దున పిన్ని నా గదిలోకి వచ్చింది. ఆవిడ చేతిలో ఒక వాడేసిన ప్లేటు, రెండో చేతిలో స్టీలు స్కేలు. వాడిన ప్లేట్లన్నీ ఉడికించి కడగడానికి వెళ్లేది ఆవిడ దగ్గరకే కదా.

"అబ్బాయ్, ఇది నీ కొలబద్ద ప్లేటే కదా? మూత మీద నీ రాతే."

"అవును పిన్నీ."

"ఎంత రాశావు?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను పుస్తకం మీద చెయ్యి పెట్టాను. ఆవిడ స్కేలును ప్లేటు అడుగున ఆనించి నా ముందు పెట్టింది. ఇరవై అయిదు.

"నాలుగు వారాల నుంచి కొలుస్తున్నా. ఏ వారం చూసినా ఇంతే. నువ్వే పట్టుకుంటావులే, చదువుకున్నోడివి అని ఊరుకున్నా. అదే నా తప్పు. నిన్న ఆ కాపరి మొహం మీద కిటికీ వేశావు చూడు, అప్పుడర్థమైంది నువ్వు పట్టుకోవడం లేదు, దాస్తున్నావని."

"పిన్నీ, మెల్లగా…"

"మెల్లగానా? నా గొంతే ఇంత. ఆ పిల్ల క్రిమి ఉందా, పారేశావా?"

"ఉంది."

"తియ్యి."

పిన్ని స్టోరులోకి వెళ్లి ఖాళీ పౌడర్ డబ్బాలు దులిపింది. అడుగున అంటుకున్నదంతా చెంచాతో గీకితే ఒక చిన్న ఫ్లాస్కుకు సరిపోయింది. వండింది. అయిదు ప్లేట్లు పోసింది. చేతిలో అంత తక్కువున్నా ఒకదాన్ని కోసి కొలిచింది. నాలుగు. అటు ఆఫీసర్ గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఎవరైనా వస్తారేమోనని నేను మాటిమాటికీ అటే చూస్తున్నాను. ఆవిడ మాత్రం చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడింది, ఎవరైనా రానీ అన్నట్టు. నేను పాప క్రిమినీ, కొలబద్ద క్రిమినీ పిన్ని ప్లేట్ల మీద వేశాను. స్టోరాయన పోసిన పలచటి ప్లేట్ల మీదా వేశాను.

గురువారం పొద్దున తీసి చూశాం. పలచటి ప్లేట్ల మీద కొలబద్ద ఇరవై అయిదు, పాప క్రిమి పదిహేడు. పిన్ని ప్లేట్ల మీద కొలబద్ద ఇరవై, పాప క్రిమి పదమూడు. అంటే ఆ పిల్లకు అయిదు రోజులుగా పనికిరాని మందు ఎక్కుతోంది, నేను రాసిన అంకె చూసి.

"సమావేశం అయ్యాక ఆఫీసర్‌గారితో విడిగా మాట్లాడదాం పిన్నీ" అన్నాను.

"అప్పటిదాకా ఆ పిల్ల ఆగుతుందా? అడిగి చెప్పు" అని ట్రే ఎత్తుకుంది.

ఆవిడ తలుపు తట్టలేదు. రెండు చేతుల్లోనూ ట్రే ఉంది, కాలితో తోసింది. బల్ల చుట్టూ పశువుల డాక్టర్లు, మనుషుల డాక్టర్లు, ఆ చివర పిల్లల వార్డు డాక్టరమ్మ ఉన్నారు. ఉత్తర్వు అప్పటికే చేతులు మారుతోంది.

"ఏంటమ్మా ఇది? బయటికి వెళ్లు" అన్నాడు ఆఫీసర్.

"వెళ్తా సార్. ముందు ఇవి చూడండి. ఇటువైపువి మీరు పొయ్యమన్నవి, అటువైపువి నేను పోసినవి. క్రిమి ఒకటే, బిళ్ల ఒకటే. మీ వైపు మందు పనిచేస్తోంది. నా వైపు పనిచెయ్యట్లేదు. ఆ పిల్ల ఏ వైపుందో డాక్టరమ్మను అడగండి."

"నిన్ను పోత మానెయ్యమన్నానా లేదా? గాజు కడిగే మనిషివి, రీడింగుల సంగతి నీకెందుకు?"

"కడిగే మనిషిని కాబట్టే సార్. మీరందరూ చూసి పారేసింది చివరికి నా చేతికే వస్తుంది."

డాక్టరమ్మ లేచి వచ్చి ప్లేటును వెలుగుకు ఎత్తి పట్టుకుంది. నా వైపు తిరిగి, "కొలబద్దకు మీ పుస్తకంలో ఎంతుంది?" అని అడిగింది. పిన్ని నన్ను చూడనైనా లేదు. గోడ గడియారం వైపు చూస్తూ నిలబడింది. నేను తప్పించుకోవాలంటే దారి ఉంది, ఇంకో అబద్ధం చాలు. నాలిక మీదకు వచ్చింది కూడా.

"ఇరవై రెండు. నేనే అలా రాశాను. నాలుగు నెలలుగా రాస్తున్నాను" అన్నాను.

డాక్టరమ్మ ప్లేటును బల్ల మీద పెట్టి, కుర్చీలో సంచి అలాగే వదిలేసి వార్డుకు పరిగెత్తింది. మధ్యాహ్నం లోపు పాపకు మందు మారింది. నాలుగో రోజుకు జ్వరం దిగింది. ఆ కబురు తెచ్చిన కాపరి మందు పేరు అడగలేదు, నన్ను నిందించలేదు. ప్లేట్ల పిన్ని ఎవరని అడిగి, కడిగే గది గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. ఆవిడ, "నిలబడతావేంటి, పిల్ల దగ్గరికి పో" అని కసిరి పంపేసింది.

ఉత్తర్వు ఆగిపోయింది. పిన్నికి మాత్రం ఒక మెమో వచ్చింది. అనుమతి లేకుండా పోత పోసినందుకు, సమావేశానికి భంగం కలిగించినందుకు క్షమాపణ రాసివ్వాలట. ఆవిడ రాసిచ్చింది. తన కోడి గీతల రాతతో, "అవును, పోశాను. నాలుగు మిల్లీమీటర్లు పోశాను. అనుమానముంటే కొలుచుకోండి" అని రాసి సంతకం పెట్టింది. నాకూ ఒక మెమో వచ్చింది. నాది న్యాయంగానే వచ్చింది.

అంతటితో ఊరుకుంటుందనుకున్నాను. పిన్ని సంగతి ఇన్నేళ్లయినా నాకు అర్థం కాలేదన్నమాట. ఫ్రీజర్ తలుపు తెరిచి నిలబడి, "ఈ నాలుగు నెలల్లో పిల్లల వార్డుకు ఎన్ని రిపోర్టులు పంపావు?" అంది.

"అరవై నాలుగు."

"క్రిములున్నాయా?"

"అన్నీ దాచాను."

"అరవై నాలుగూ మళ్లీ పెట్టు."

డాక్టరమ్మ ఒక కాలేజీని బతిమాలి రెండు డబ్బాల పౌడర్ తెప్పించింది. పొయ్యొద్దన్న మెమో గోడకు ఉండగానే పిన్ని దాని కింద నిలబడి పోసింది. ఆఫీసర్ చూసి, తన గదిలోకి వెళ్లిపోయాడు. వారం రోజుల్లో లెక్క తేలింది. అరవై నాలుగులో తొమ్మిది నేను తప్పు రాశాను. ఆ తొమ్మిది మందిలో ఎనిమిది మంది పిల్లలు బతికే ఉన్నారు. కొందరికి డాక్టరమ్మే అనుమానపడి మందు మార్చింది, కొందరు వాళ్ల ఆయుష్షు గట్టిదై గట్టెక్కారు. ఒక బాబు లేడు. ఏడాదిన్నరవాడు. వాడు పోయి అప్పటికి రెండు నెలలు.

ఆఫీసర్ నిజంగానే బాధపడ్డాడు. తలపట్టుకుని, "పలచగా పొయ్యమన్నది నేనే" అన్నాడు. అయినా, "ఇప్పుడు ఆ ఇంటికి వెళ్లి చెప్పి ఏం సాధిస్తామమ్మా? మానుతున్న పుండును గెలకడమే కదా" అన్నాడు.

"మానిందని మీకెవరు చెప్పారు సార్? పోయినవాడు మీ బిడ్డయితే మీకు చెప్పాలా, వద్దా? ఆ ఒక్కటీ చెప్పండి, నోరు మూసుకుని పోయి సీసాలు కడుక్కుంటా."

ఆయన కాగితం తీసి ఉత్తరం రాసి, కింద తన సంతకం పెట్టి నా చేతికిచ్చాడు. దాన్ని పోస్టులో వేద్దామనుకున్నాను. పిన్ని చెప్పులేసుకుని గేటు దగ్గర నిలబడి ఉంది.

"పోస్టు పెట్టె అటుంది పిన్నీ."

"ఆ ఇల్లు ఇటుంది. నడు."

బస్సెక్కి వెళ్లాం. మూడో అంతస్తులో ఒక గది ఇల్లు. తలుపు తీసే ఉంది. ఒకామె కుట్టు మిషను ముందు కూర్చుని చొక్కాలకు గుండీలు కుడుతోంది. పాతికేళ్లుంటాయేమో. ఎవరని అడిగింది. ఆసుపత్రి ల్యాబ్ నుంచి వచ్చామని, బాబు సంగతి మాట్లాడాలని చెప్పాను. ఆమె మిషను ఆపింది. నేను ఇంకా ఉత్తరం బయటికి తియ్యకముందే, ఈ ప్రశ్న అడగడానికే రెండు నెలలుగా ఎదురుచూస్తున్నట్టు ఆమె అంది:

"నేను వాణ్ని ఒక రోజు ఆలస్యంగా తీసుకొచ్చానండీ. జలుబు జ్వరమేలే అనుకున్నాను. అందుకేనా?"

కవరు అంచును నలుపుతూ మొదలుపెట్టాను.

"అది కాదమ్మా. మా దగ్గర ఆ నెలల్లో పౌడర్ కొరతగా ఉండి, ప్లేట్లు కొంచెం పలచగా పోయాల్సి వచ్చి…"

పిన్ని నా మోచెయ్యి పట్టుకుంది. వేడి ఫ్లాస్కులు పట్టి పట్టి కాయలు కాచిన చెయ్యి. గట్టిగానే పట్టుకుంది.

"ప్లేట్ల గొడవ ఆ అమ్మాయికెందుకురా? ఆలస్యం వల్ల కాదమ్మా, నీ తప్పు రవ్వంత కూడా లేదు" అని ఆమెతో అని, నా వైపు తిరిగింది. "ఆ తప్పు రిపోర్టు మీద సంతకం ఎవరిదో చెప్పు."

"నాదమ్మా" అన్నాను.